చేయి చాపే మాటలు: పాఠకుల ప్రశ్నలు – జవాబులు

దేశాల మధ్య సహకారాన్ని పెంచడానికి రాజకీయ నాయకులు మాటను ఎలా వాడుకుంటారన్న విషయంపై వచ్చిన లేఖల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: అంతర్జాతీయ వేదిక ఎక్కిన ప్రతి నాయకుడూ శాంతి, సహకారం అనే అంటాడు. ఒప్పందాలు మాత్రం అధికారులు తలుపులు మూసుకుని జరిపే చర్చల్లోనే కుదురుతాయి. అలాంటప్పుడు ఈ ప్రసంగాల వల్ల ఒరిగేదేమిటి?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

జవాబు: ఒప్పందంలోని షరతులను చాలావరకు అధికారులే రాస్తారన్న మాట నిజం. అయితే వారు చర్చలకు కూర్చోవాలంటే ముందుగా ఇరు దేశాల ప్రజల్లోనూ అందుకు తగిన వాతావరణం ఏర్పడాలి. అవతలి దేశపు నాయకుడు తన ప్రజల ముందు తలవంచుకోకుండా ‘సరే’ అనగలిగే వీలు కల్పించడమే సహకారాన్ని కోరే ప్రసంగం చేయవలసిన అసలు పని. ఈ పనిని అందరికంటే చక్కగా చేసిన ప్రసంగం 1947 జూన్ 5న అమెరికా విదేశాంగ మంత్రి జార్జ్ మార్షల్ హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చేసినదని నా అభిప్రాయం.

పావుగంట కూడా పట్టని ఆ ప్రసంగంలో ఆవేశం గానీ ఆడంబరం గానీ కనిపించవు. యుద్ధంలో చితికిపోయిన యూరప్‌లో రైతుకూ పట్టణవాసికీ మధ్య ఇచ్చిపుచ్చుకోవడం ఎలా ఆగిపోయిందో మార్షల్ సామాన్యులకు అర్థమయ్యేలా వివరించారు. పట్టణాల్లో రైతు కొనుక్కోవడానికి సరుకులు లేవు కాబట్టి పంట అమ్ముకున్నా అతనికి ప్రయోజనం లేదనీ, అందుకే అతను సాగు తగ్గించి పొలాన్ని పచ్చికకు వదిలేస్తున్నాడనీ, ధాన్యాన్ని పశువులకు మేపుతున్నాడనీ, ఇంకోవైపు పట్టణాల్లో జనం తిండికీ వంటచెరకుకూ అల్లాడుతున్నారనీ చెప్పారు. ఆ తర్వాతే అసలు మాట చెప్పారు: తమ విధానం ఏ దేశానికీ, ఏ సిద్ధాంతానికీ వ్యతిరేకం కాదనీ, ఆకలికీ పేదరికానికీ నిస్పృహకూ అరాచకానికీ మాత్రమే వ్యతిరేకమనీ అన్నారు. పునర్నిర్మాణ ప్రణాళికను అమెరికా ఒక్కటే రాసి ఇవ్వడం తగదనీ, చొరవ యూరప్ నుంచే రావాలనీ కూడా స్పష్టం చేశారు.

ఈ చివరి మాటలోనే ఆ ప్రసంగపు బలమంతా ఉంది. సాయం పుచ్చుకోవలసిన దేశాలకు అది ప్రణాళిక రచించే హోదా ఇచ్చింది. బ్రిటన్ విదేశాంగ మంత్రి ఎర్నెస్ట్ బెవిన్ ఆ మాటను వెంటనే అందిపుచ్చుకున్నారు. జులైలో 16 దేశాల ప్రతినిధులు పారిస్‌లో సమావేశమై తమ అవసరాలను తామే లెక్కగట్టుకున్నారు. నాలుగేళ్లలో సుమారు 1,300 కోట్ల డాలర్ల సాయం యూరప్‌కు అందింది. అంతకంటే మిన్నగా, నిన్నటిదాకా యుద్ధం చేసుకున్న దేశాలు ఒకే బల్ల చుట్టూ చేరి లెక్కలు చూసుకోవడం అలవాటు చేసుకున్నాయి.

దీనికి మూడు నెలల ముందు, అంటే 1947 మార్చి 12న, గ్రీస్, టర్కీలకు 40 కోట్ల డాలర్ల సాయం కోరుతూ అధ్యక్షుడు ట్రూమన్ అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్‌లో చేసిన ప్రసంగాన్ని పక్కన పెట్టుకుని చదివితే విషయం ఇంకా బాగా బోధపడుతుంది. అందులో ఆయన ప్రపంచాన్ని రెండు జీవన విధానాలుగా విడదీసి, ప్రతి దేశమూ ఏదో ఒకటి ఎంచుకోవలసిందేనన్నట్టు మాట్లాడారు. ఒకే ప్రభుత్వం, దాదాపు ఒకే సమయంలో, సొంత చట్టసభను కదిలించడానికి భయాన్నీ, పరాయి దేశాలను కలుపుకోవడానికి ఆహ్వానాన్నీ వాడిందన్నమాట. ఆహ్వానం అందరినీ చేరలేదన్నది కూడా చెప్పుకోవాలి. సోవియట్ యూనియన్ పారిస్ చర్చల నుంచి వైదొలగింది. మొదట వస్తామన్న చెకోస్లొవేకియా మాస్కో ఒత్తిడితో వెనక్కి తగ్గింది. సాయానికి కాంగ్రెస్ ఆమోదం త్వరగా దొరకడానికి 1948 ఫిబ్రవరిలో అదే చెకోస్లొవేకియాలో కమ్యూనిస్టులు అధికారాన్ని హస్తగతం చేసుకోవడం వల్ల పుట్టిన భయం బాగా పనిచేసింది. మార్షల్ మాటల ఔన్నత్యాన్ని ఇది తగ్గించదు గానీ, ప్రసంగం ఒక్కటే అంత పనీ చేసిందనుకుంటే పొరపాటవుతుంది.

ప్రశ్న: మిత్రదేశంతో సహకారం గురించి మాట్లాడటం తేలికే. ప్రజలు శత్రువుగా భావించే దేశంతో చేయి కలపాలని నాయకుడు ఎలా ఒప్పించగలడు? ద్రోహి అన్న నింద పడదా?
– న్యాయశాస్త్రం చదువుతున్న విద్యార్థిని

జవాబు: పడుతుంది. ఆ నిందకు సిద్ధపడి మాట్లాడటంలోనే ఇలాంటి ప్రసంగాల విలువ ఉంది.

క్యూబా క్షిపణి సంక్షోభంలో అణుయుద్ధపు అంచు దాకా వెళ్లి ఎనిమిది నెలలైనా గడవకముందే, 1963 జూన్ 10న, వాషింగ్టన్‌లోని అమెరికన్ యూనివర్సిటీలో అమెరికా అధ్యక్షుడు జాన్ కెన్నెడీ చేసిన ప్రసంగాన్ని చూడండి. సోవియట్ నాయకులు తమ వైఖరి మార్చుకోవాలని కోరడంతో ఆయన ఆగలేదు. శాంతి పట్ల, సోవియట్ యూనియన్ పట్ల మన వైఖరిని మనమూ పరీక్షించుకోవాలని అమెరికన్లకే చెప్పారు. ప్రజల్లో మంచితనమే లేదనుకోవలసినంత చెడ్డ ప్రభుత్వం గానీ సామాజిక వ్యవస్థ గానీ ఏదీ ఉండదన్నారు. ప్రభుత్వాన్నీ ప్రజలనూ వేరుచేసి చూపే ఈ పద్ధతి వల్ల వినేవారు కమ్యూనిజాన్ని మెచ్చుకోనక్కరలేకుండానే రష్యన్ల పట్ల సానుభూతి చూపగలిగారు.

ఆ తర్వాత ఆయన చేసిన పని నాకు ఎంతో గొప్పగా తోస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో సోవియట్ యూనియన్ కనీసం రెండు కోట్ల ప్రాణాలు కోల్పోయిందనీ, ఆ దేశ భూభాగంలో మూడో వంతు బీడైపోయిందనీ గుర్తుచేసి, ఆ నష్టం అమెరికాలో షికాగో నగరానికి తూర్పున ఉన్న ప్రాంతమంతా ధ్వంసమైపోవడంతో సమానమన్నారు. రెండు కోట్లన్న అంకె చెవిన పడి జారిపోవచ్చు. షికాగోకు తూర్పున అన్నప్పుడు మాత్రం వింటున్న ప్రతి ఒక్కరికీ తమవారున్న ఊళ్లు కళ్లముందు మెదులుతాయి. శత్రువు పడిన కష్టాన్ని సొంత దేశపు పటం మీద గీసి చూపించారన్నమాట. మనమంతా ఈ చిన్న గ్రహం మీదే ఉంటున్నామనీ, ఒకే గాలి పీలుస్తున్నామనీ, అందరమూ మన పిల్లల భవిష్యత్తును కోరుకునేవారమేననీ, అందరమూ మృత్యువుకు లోబడినవారమేననీ చెప్పిన ప్రసిద్ధ వాక్యాలకు ఆ పటమే ఆధారమైంది.

అంతటితో ఆగి ఉంటే అది చక్కని ప్రసంగంగా మిగిలిపోయేది. మాస్కోలో ఉన్నతస్థాయి చర్చలు మొదలవుతాయనీ, ఇతర దేశాలు జరపనంతకాలం అమెరికా వాతావరణంలో అణుపరీక్షలు జరపదనీ అదే ప్రసంగంలో ప్రకటించారు. సోవియట్ పత్రికలు ప్రసంగ పాఠాన్ని పూర్తిగా ప్రచురించాయి. ఆగస్టు 5న మాస్కోలో పాక్షిక అణుపరీక్షల నిషేధ ఒప్పందంపై సంతకాలు జరిగాయి. సెప్టెంబరులో అమెరికన్ సెనేట్ 80–19 ఓట్లతో దాన్ని ఆమోదించింది. భూగర్భ పరీక్షలు నిషేధం పరిధిలోకి రాలేదు కాబట్టి ఆయుధ పోటీ ఆగలేదు. కానీ సంతకం చేసిన అమెరికా, సోవియట్ యూనియన్, బ్రిటన్‌ల పరీక్షల వల్ల గాలిలో కలుస్తున్న అణుధూళి ఆగింది.

ఈజిప్టు అధ్యక్షుడు అన్వర్ సాదత్ దారి ఇంకా కఠినమైనది. 1977 నవంబరు 20న ఆయన జెరూసలేం వెళ్లి ఇజ్రాయెల్ పార్లమెంటులోనే మాట్లాడారు. ఆక్రమిత అరబ్బు భూములను ఖాళీ చేయాలనీ, పాలస్తీనీయుల హక్కులను గుర్తించాలనీ వారి ముఖానే చెప్పి, తమ మధ్య ఉన్న సమస్యలో 70 శాతం మానసికమైన అడ్డుగోడేనన్నారు. తన డిమాండ్లలో ఒక్కటీ తగ్గించుకోకుండానే, ఆ వేదిక మీద నిలబడటం ద్వారా ఇజ్రాయెల్ ఉనికిని ఒప్పుకున్నారు. 1979 మార్చి 26న శాంతి ఒప్పందం కుదిరింది. నేటికీ నిలిచే ఉంది. అయితే పొరుగున ఉన్న అరబ్బు దేశాలను ఆయన ఒప్పించలేకపోయారు. అరబ్ లీగ్ ఈజిప్టు సభ్యత్వాన్ని నిలిపివేసింది, 1981 అక్టోబరు 6న స్వదేశంలోనే సాదత్ హత్యకు గురయ్యారు. మీరడిగిన నింద ఎంత దూరం వెళ్లగలదో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

ప్రశ్న: పెద్ద పెద్ద అంతర్జాతీయ విషయాలను నాయకులు ఇంటి భాషలో, పోలికలతో చెప్పడం ప్రజలను మభ్యపెట్టడం కాదా?
– ఒక పాఠకుడు

జవాబు: పోలిక దేన్ని చూపిస్తుందో, దేన్ని దాస్తుందో రెండూ గమనించాలి. 1940 డిసెంబరులో బ్రిటన్ దగ్గర ఆయుధాలు కొనడానికి డాలర్లు నిండుకుంటున్నాయి; అమెరికన్ ప్రజలేమో యుద్ధంలో చిక్కుకోవడానికి సిద్ధంగా లేరు. డిసెంబరు 17న విలేకరుల సమావేశంలో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్, పొరుగింటికి నిప్పంటుకుంటే తోటకు నీళ్లు పట్టే గొట్టాన్ని ఇస్తూ ‘దీని ఖరీదు 15 డాలర్లు, ముందు అది కట్టు’ అని ఎవరూ అడగరనీ, మంటలు ఆరాక గొట్టం తిరిగి ఇమ్మనే అడుగుతారనీ చెప్పారు. ‘అప్పు’, ‘యుద్ధం’ అన్న మాటల చుట్టూ తిరుగుతున్న వాదాన్ని ఇరుగుపొరుగు ధర్మం వైపు మళ్లించడం వల్ల చట్టానికి మద్దతు కూడింది. 1941 మార్చి 11న, మిత్రదేశాలకు యుద్ధ సామగ్రిని అరువుగా ఇచ్చేందుకు వీలు కల్పించే లెండ్–లీజ్ చట్టంపై ఆయన సంతకం చేశారు. యుద్ధం ముగిసేసరికి సుమారు 5,000 కోట్ల డాలర్ల విలువైన సామగ్రి మిత్రదేశాలకు చేరింది.

అయితే పేలిన గుండు తిరిగి రాదు. సెనేటర్ రాబర్ట్ టాఫ్ట్ వంటి ప్రత్యర్థులు అప్పుడే ఆ లోపాన్ని ఎత్తిచూపారు, వారి వాదనలో న్యాయం ఉంది. ఆ పోలికను చట్టసభలో జరిగిన చర్చ నిలదీయగలిగింది కాబట్టి అది మభ్యపెట్టడం కాలేదని నేను భావిస్తాను.

ప్రశ్న: బలవంతుల మాటకు ఎటూ విలువ ఉంటుంది. పేద దేశాల, చిన్న దేశాల నాయకుల మాటలు ఎవరు వింటారు?
– భూగోళశాస్త్ర అధ్యాపకురాలు

జవాబు: చాలాసార్లు వినరు. 1936 జూన్ 30న ఇథియోపియా చక్రవర్తి హైలే సెలాసీ జెనీవాలో, ఐక్యరాజ్యసమితికి ముందున్న నానాజాతి సమితి ఎదుట నిలబడి, తమ దేశంపై దండెత్తిన ఇటలీ ఇథియోపియన్లపై విషవాయువు ప్రయోగించిన తీరును వివరించి, నా ప్రజల దగ్గరకు ఏ జవాబు తీసుకువెళ్లమంటారని అడిగారు. ఆ శతాబ్దంలో అంతకంటే న్యాయమైన ప్రశ్న మరొకటి అరుదు. సమితి జులైలోనే ఇటలీపై ఆంక్షలు ఎత్తివేసింది.

అయినా బలహీనుల మాట చర్చనీయాంశాన్నే మార్చివేసిన సందర్భాలు ఉన్నాయి. 1972 జూన్‌లో స్టాక్‌హోంలో జరిగిన మానవ పర్యావరణ సదస్సును సంపన్న దేశాలు ప్రధానంగా కాలుష్య సమస్యగా చూశాయి. అభివృద్ధి చెందుతున్న దేశాలకు మాత్రం, పర్యావరణం పేరుతో తమ ఎదుగుదలకు అడ్డుకట్ట వేస్తారన్న అనుమానం ఉండేది. జూన్ 14న ఇందిరా గాంధీ ఆ వేదికపై, పేదరికమూ అవసరమూ అన్నిటికంటే పెద్ద కాలుష్య కారకాలు కావా అని ప్రశ్నించారు. బతుకులే కలుషితమైన చోట పల్లెల్లో, మురికివాడల్లో ఉండేవారికి నదులనూ గాలినీ శుభ్రంగా ఉంచమని ఎలా చెప్పగలమన్నారు. పర్యావరణాన్ని కాపాడటంలో పేద దేశాలు కూడా భాగస్వాములు కావచ్చుననీ, వాటి అభివృద్ధిని కలుపుకున్నప్పుడే అది సాధ్యమనీ ఆ ప్రశ్న ఒక్క వాక్యంలో చెప్పింది. బాధ్యత అందరిదే అయినా దేశాన్నిబట్టి బరువు మారుతుందన్న సూత్రం 1992లో రియో సదస్సులో అక్షరరూపం దాల్చడం వెనుక ఈ వాదన ఉంది. ఓజోన్ పొరను కాపాడే మాంట్రియల్ ఒప్పందంలో భారత్, చైనా చేరింది కూడా పేద దేశాలకు సాయపడే నిధిని 1990లో లండన్ సమావేశం అంగీకరించిన తర్వాతనే.

చిన్న దేశాలు ఒక్కోసారి మాటకు దృశ్యాన్ని జోడిస్తాయి. 2009 అక్టోబరు 17న మాల్దీవుల అధ్యక్షుడు మొహమ్మద్ నషీద్ తన మంత్రివర్గాన్ని సముద్రం అడుగున సమావేశపరిచారు. శ్వాస పరికరాలు తగిలించుకున్న మంత్రులు చేతి సైగలతో మాట్లాడుకుని, కర్బన ఉద్గారాలు తగ్గించాలన్న పత్రంపై నీటిలోనే సంతకాలు చేశారు. రెండు నెలలకే కోపెన్‌హేగన్ వాతావరణ సదస్సు నిరాశపరిచింది. అయినా ద్వీప దేశాలు పట్టు వదలకపోవడం వల్లనే 2015 నాటి పారిస్ ఒప్పందంలో భూతాపం పెరుగుదలను 1.5 డిగ్రీలకు పరిమితం చేయాలన్న లక్ష్యానికి చోటు దక్కింది. 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో బార్బడోస్ ప్రధాని మియా మోట్లీ మాల్దీవులు, డొమినికా, ఫిజీ, కెన్యా, మొజాంబిక్ అంటూ దేశాలను పేరుపేరునా పిలుస్తూ, రెండు డిగ్రీల వేడి ఆ ప్రజలకు మరణశిక్ష అన్నారు. నష్టపోయిన దేశాల కోసం ప్రత్యేక నిధి ఏర్పాటు చేయాలన్న నిర్ణయం మరుసటి ఏడాది ఈజిప్టు సదస్సులో జరిగింది. ఏళ్ల తరబడి సాగిన సామూహిక పోరాట ఫలితమది. ఒక్క ప్రసంగానికి దాన్ని కట్టబెట్టలేం.

ప్రశ్న: శిఖరాగ్ర సమావేశాల ఉమ్మడి ప్రకటనలు అంత డొంకతిరుగుడుగా ఎందుకు ఉంటాయి?
– ఒక బ్యాంకు ఉద్యోగి

జవాబు: అందరూ సంతకం పెట్టాలి కాబట్టి. అయితే విభేదాలను దాచకుండా కూడా ఉమ్మడి ప్రకటన రాయవచ్చని 1972 ఫిబ్రవరిలో అమెరికా, చైనాలు వెలువరించిన షాంఘై ప్రకటన నిరూపించింది. అన్నీ కలిసినట్టు రాసిన ముసాయిదాను చైనా ప్రధాని చౌ ఎన్‌లై ఒప్పుకోలేదు. ఎవరి అభిప్రాయాన్ని వారు విడిగా రాసుకుని, కలిసిన చోట మాత్రమే కలిశామని చెబుదామన్నారు. వియత్నాం, కొరియా విషయాల్లో అమెరికా, చైనాలు అలాగే రాసుకున్నాయి. 2022 నవంబరులో జీ–20 దేశాల బాలి ప్రకటన కూడా ఉక్రెయిన్ యుద్ధాన్ని ఎక్కువమంది సభ్యులు ఖండించారనీ, ఇతర అభిప్రాయాలు కూడా వచ్చాయనీ దాచకుండా రాసింది. రెండు నెలల ముందు సమర్‌ఖండ్‌లో ఇది యుద్ధాల యుగం కాదని భారత ప్రధాని మోదీ రష్యా అధ్యక్షుడు పుతిన్‌తో అన్న మాట కూడా దాదాపు అదే రూపంలో అందులో చేరింది.

ప్రశ్న: భారత్, చైనాలు పంచశీల చెప్పుకున్న ఎనిమిదేళ్లకే వాటి మధ్య యుద్ధం వచ్చింది. సహకారం గురించిన మాటలన్నీ చివరికి మోసపుచ్చేవే కాదా?
– చరిత్ర పరిశోధక విద్యార్థి

జవాబు: మీ ఆవేదనలో న్యాయం ఉంది. 1954 ఏప్రిల్ 29న భారత్, చైనాల మధ్య టిబెట్ వ్యాపారంపై కుదిరిన ఒప్పందపు పీఠికలో పంచశీల సూత్రాలు చోటు చేసుకున్నాయి. ఆ ఒప్పందం గడువు 1962 జూన్‌లో తీరిపోయింది, అక్టోబరులో యుద్ధం మొదలైంది. పరస్పర గౌరవం గురించి అంత చక్కగా చెప్పిన పత్రం సరిహద్దు ఎక్కడన్న ప్రశ్నను తేల్చలేదు. 1928 ఆగస్టు 27న పారిస్‌లో 15 దేశాలు యుద్ధాన్నే త్యజిస్తున్నామని సంతకాలు చేసిన కెల్లాగ్–బ్రియాండ్ ఒడంబడికది కూడా ఇదే కథ. ఉల్లంఘించినవారిని ఏం చేయాలో అందులో లేదు. సంతకం చేసిన జపాన్ మూడేళ్లకే మంచూరియాను ఆక్రమించి, అది యుద్ధమే కాదని వాదించింది.

వీటి పక్కన 1950 మే 9న ఫ్రాన్స్ విదేశాంగ మంత్రి రాబర్ట్ షూమన్ చేసిన ప్రకటన పెట్టి చూడండి. యూరప్ ఒక్కసారిగా గానీ ఒకే ప్రణాళికతో గానీ ఏర్పడదనీ, కళ్లకు కనిపించే పనుల ద్వారానే రూపుదిద్దుకుంటుందనీ ఆయన చెప్పారు. ఫ్రాన్స్, జర్మనీల బొగ్గు, ఉక్కు ఉత్పత్తిని ఒకే ఉమ్మడి అధికార సంస్థ కింద పెడదామని ప్రతిపాదించారు. ఆయుధాలకు కావలసిన ముడిసరుకు ఉమ్మడి అజమాయిషీలో ఉంటే ఆ రెండు దేశాల మధ్య యుద్ధం ఊహకు అందనిది కావడమే కాదు, భౌతికంగానే అసాధ్యమవుతుందన్నారు. ఇక్కడ సద్భావన గురించిన మాటకు పరిశీలించి చూడగలిగే పని తోడైంది. 1951 ఏప్రిల్ 18న ఆరు దేశాలు సంతకం చేశాయి. నేటి యూరోపియన్ యూనియన్‌కు అదే మొదలు.

నెరవేర్చే ఉద్దేశం లేకుండా అన్న మాట కూడా కొన్నిసార్లు అన్నవారి చేతిలోంచి జారిపోతుంది. 1941 ఆగస్టు 14న రూజ్‌వెల్ట్, చర్చిల్ వెలువరించిన అట్లాంటిక్ చార్టర్, తమకు నచ్చిన ప్రభుత్వాన్ని ఎన్నుకునే హక్కు అన్ని జాతుల ప్రజలకూ ఉందని చాటింది. నాజీల ఏలుబడిలో ఉన్న యూరప్ దేశాలను దృష్టిలో పెట్టుకునే ఆ మాట అన్నామని సెప్టెంబరు 9న చర్చిల్ పార్లమెంటులో వివరణ ఇచ్చారు. వలస దేశాలు ఆ వివరణను అంగీకరించలేదు. భారతదేశమూ ఆఫ్రికా ఖండమూ బ్రిటన్ దోపిడీకి గురవుతున్నంతకాలం, అమెరికాలో నల్లజాతి సమస్య ఉన్నంతకాలం, స్వేచ్ఛ కోసం పోరాడుతున్నామన్న మిత్రపక్షాల మాట డొల్లగా వినిపిస్తుందని 1942 జులై 1న గాంధీజీ రూజ్‌వెల్ట్‌కు రాశారు. మరుసటి ఏడాది దక్షిణాఫ్రికాలో ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ ఆ చార్టర్‌లోని అంశాలను ఒక్కొక్కటిగా తీసుకుని, వాటి ఆధారంగా తమ హక్కుల పత్రాన్ని ఆమోదించింది. 1945లో ఐక్యరాజ్యసమితి చార్టర్ మొదటి అధికరణంలోనే ప్రజల స్వయంనిర్ణయాధికారం చోటు చేసుకుంది. 1960 డిసెంబరు 14న వలస దేశాలకు స్వాతంత్ర్యం ఇవ్వాలన్న 1514వ తీర్మానాన్ని జనరల్ అసెంబ్లీ 89 ఓట్లతో ఆమోదించింది. వ్యతిరేకంగా ఒక్క ఓటూ పడలేదు. ఓటింగ్‌కు దూరంగా ఉన్న తొమ్మిది దేశాల్లో అట్లాంటిక్ చార్టర్ రాసిన బ్రిటన్, అమెరికాలు రెండూ ఉన్నాయి.